నైబర్ సెషన్ పడుతూ లేస్తూ ఉంటే ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

లింకు పూర్తిగా తెగిపోతే అంత కంగారు లేదు. రూటరు రెండో దారి పట్టుకుంటుంది, లైన్‌మన్ బండేసుకుని వెళ్లి తెగిన చోటు వెతుకుతాడు, పొద్దుగూకేలోపు అతుకు పడుతుంది. మనల్ని నిజంగా ఏడిపించేది పడుతూ లేస్తూ ఉండే లింకు. ఐదు నిమిషాలు బాగుంటుంది, అర నిమిషం పోతుంది, మళ్లీ వస్తుంది. పోయిన ప్రతిసారీ ఓఎస్‌పీఎఫ్ (మన నెట్‌వర్క్ లోపలి రూటర్లు దారులు చెప్పుకునే పద్ధతి) నైబర్, అంటే అవతలి రూటరుతో ఉన్న జత, కిందపడి మళ్లీ ఫుల్‌కి, అంటే పూర్తి స్థితికి వస్తుంది, నెట్‌వర్క్‌లో ఉన్న రూటర్లన్నీ దారులు మొదటినుంచి లెక్కేసుకుంటాయి, ట్రాఫిక్ అటూ ఇటూ ఊగుతుంది. కస్టమర్ ఫోన్ చేస్తే "ఇప్పుడు వస్తోంది కదన్నా" అంటాం. ఫోన్ పెట్టేలోపు మళ్లీ పోతుంది.

కావలి, కందుకూరు, చీమకుర్తి, ముత్తుకూరు వైపు చిన్న ఐఎస్‌పీ నడిపేవాళ్లు, కేబుల్ ఆపరేటర్లు, గ్రానైట్ ఫ్యాక్టరీల్లోనూ రొయ్యల ప్లాంట్లలోనూ నెట్‌వర్క్ చూసేవాళ్లు అందరికీ ఈ బాధ తెలుసు. చాలామంది చేసే మొదటి పని టైమర్లు పెంచడం. డెడ్ టైమ్ (అవతలి రూటరు పంపే హలో పలకరింపులు ఎంతసేపు రాకపోతే అది పోయిందనుకోవాలో చెప్పే గడువు) 40 సెకన్ల నుంచి 120కి పెంచితే లాగ్‌లో ఎర్ర లైన్లు తగ్గుతాయి, సమస్య తీరిందనిపిస్తుంది. జబ్బు మాత్రం తీగలోనే ఉంటుంది. అందుకే ఇక్కడ టైమర్ల మాట చివర్లో వస్తుంది. వరుస తప్పకుండా వెళ్లండి.

1. ముందు ట్రాఫిక్‌ను పక్కకు తప్పించండి

వెతకడం మొదలుపెట్టే ముందే కస్టమర్లను ఆ లింకు మీదనుంచి దించండి. రెండో దారి ఉంటే జబ్బు లింకు మీద ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ (దారికి రూటరు వేసే ఖరీదు, తక్కువున్న దారినే ఎంచుకుంటుంది) బాగా పెంచండి. గరిష్ఠంగా 65535 వరకు పెట్టొచ్చు. కాస్ట్ అనేది బయటికి వెళ్లే దిశకే వర్తిస్తుంది కాబట్టి రెండు చివర్లలోనూ మార్చాలి. ఒంగోలు వైపు మాత్రమే పెంచి ఊరుకుంటే టంగుటూరు నుంచి వచ్చే ట్రాఫిక్ అదే లింకు మీద పడుతూనే ఉంటుంది.

నిమిషానికోసారి పడిపోతుంటే కాస్ట్ పెంచినా చాలదు. ట్రాఫిక్ తప్పుకున్నా నైబర్ మార్పుల కబురు ఏరియా (ఒకే మ్యాప్ పంచుకునే రూటర్ల గుంపు) అంతా తిరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు ఆ ఇంటర్‌ఫేస్‌ను ఓఎస్‌పీఎఫ్ నుంచే తాత్కాలికంగా తీసేయండి. లింకు పైన ఉంటుంది, మీరు పింగ్ పెట్టి పరీక్షించుకోవచ్చు, నెట్‌వర్క్ మాత్రం కుదుటపడుతుంది.

బీజీపీ (బయటి నెట్‌వర్కులతో దారులు చెప్పుకునే పద్ధతి) అయితే ఇంకా తొందరపడాలి. మీ సెషన్ పడిన ప్రతిసారీ మీ ప్రిఫిక్స్‌ను (మీ ఐపీ చిరునామాల గుంపును) ఉపసంహరించుకుంటున్నట్టూ, లేచిన ప్రతిసారీ మళ్లీ ప్రకటిస్తున్నట్టూ బయటి ప్రపంచానికి కబురు వెళ్తుంది. రూట్ ఫ్లాప్ డ్యాంపింగ్, అంటే ఊగే దారికి జరిమానా వేసే పద్ధతి, పెట్టుకున్న నెట్‌వర్కులు కొన్ని ఉంటాయి. పాత డిఫాల్ట్ అంకెల ప్రకారం ఒక్కో ఉపసంహరణకు 1000 పాయింట్ల జరిమానా, 2000 దాటితే ఆ దారిని అణచివేయడం, జరిమానా 15 నిమిషాలకోసారి సగమవుతూ 750కి దిగాక మళ్లీ అనుమతించడం. అంటే గబగబా మూడుసార్లు పడితే చాలు, మీ లింకు బాగుపడ్డాక కూడా కొన్ని చోట్లనుంచి మీ కస్టమర్లకు సైట్లు తెరుచుకోవు. ఈ 2000 మరీ కఠినమని, కనీసం 6000 ఉండాలని 2014లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 7196 చెప్పింది. కానీ అవతలివాళ్లు మార్చుకున్నారో లేదో మన చేతుల్లో లేదు. రెండో అప్‌స్ట్రీమ్ (మీకు ఇంటర్నెట్ ఇచ్చే ప్రొవైడర్) ఉంటే ఊగే సెషన్‌ను మీరే మూసేయండి. ఒకే ప్రొవైడర్‌తో రెండు లింకులు ఉండి, వాళ్లు గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ కమ్యూనిటీ 65535:0ను (మూయబోతున్నాం, వేరే దారి వాడండి అని చెప్పే గుర్తును) గౌరవిస్తే, ముందు అది పంపి తర్వాత మూయండి. కస్టమర్‌కు కుదుపు తెలియదు.

రెండో దారే లేకపోతే? ఏమీ ముట్టుకోకుండా రెండో మెట్టుకు వెళ్లండి.

2. గడియారాలు కలపండి, లాగ్ బయటికి పంపండి

రెండు రూటర్ల గడియారాల్లో నాలుగు నిమిషాల తేడా ఉంటే ఎవరు ముందు పడ్డారో ఎప్పటికీ తేలదు. రెండింటికీ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీదుగా గడియారం సరిచేసే ఏర్పాటు) పెట్టండి. లాగ్‌ను రూటరు మెమరీలో మాత్రమే ఉంచొద్దు. కరెంటు పోయి పెట్టె రీస్టార్ట్ అయితే అసలు సాక్ష్యమే పోతుంది. ఆఫీసులో పాత కంప్యూటర్ ఒకటి సిస్‌లాగ్ సర్వర్‌గా (లాగ్‌లు దాచే చోటుగా) పెట్టుకుంటే చాలు. ఇది ఈ రోజు చేస్తే రేపటినుంచి పనికొస్తుంది, కాబట్టి లింకులు బాగున్న రోజే చేసి పెట్టుకోండి.

3. ఎవరు ఏమన్నారో చదవండి

అన్నిటికంటే ఎక్కువ సమయం మిగిల్చే మెట్టు ఇదే. ఇక్కడ నిదానంగా ఉండండి.

ఒంగోలు రూటరు, కొత్తపట్నం రూటరు మధ్య ఓఎస్‌పీఎఫ్ పడుతోందనుకుందాం. రెండు చోట్లా అదే నిమిషం లాగ్ తీసి పక్కపక్కన పెట్టండి. ఒంగోలు వైపు "డెడ్ టైమర్ ఎక్స్‌పైర్డ్" అనీ, కొత్తపట్నం వైపు "వన్ వే రిసీవ్డ్" అనీ ఉందనుకోండి. దీని అర్థం ఇది: కొత్తపట్నం పంపిన హలోలు 40 సెకన్లపాటు ఒంగోలుకు చేరలేదు. అందుకని ఒంగోలు తన జాబితాలోంచి కొత్తపట్నాన్ని తీసేసింది. ఆ తర్వాత ఒంగోలు పంపిన హలో మాత్రం కొత్తపట్నానికి చక్కగా చేరింది. అందులో తన పేరు లేకపోవడం చూసి కొత్తపట్నం కూడా సెషన్ వదిలేసింది. అంటే ఒంగోలు నుంచి వెళ్లే దిశ బాగుంది, కొత్తపట్నం నుంచి వచ్చే దిశ చెడింది. ఇక వెతకాల్సింది కొత్తపట్నం ట్రాన్స్‌మిట్, ఒంగోలు రిసీవ్, మధ్యలో ఆ దిశ నడిచే దారి. లాగ్‌లో రెండు లైన్లు పోల్చి చూస్తే సగం వెతుకులాట తగ్గిపోయింది.

రెండు వైపులా ఒకేసారి డెడ్ టైమర్ అయిపోతే రెండు దిశలూ పోయాయి. మధ్యలో ఉన్న పెట్టె, కరెంటు, లేదా పూర్తిగా తెగుతూ కలుస్తున్న కోర్‌ను (కేబుల్‌లోని ఫైబర్ దారాన్ని) అనుమానించండి. డెడ్ టైమర్ మాట లేకుండా నేరుగా "ఇంటర్‌ఫేస్ డౌన్" అని ఉంటే లైటే పోయింది. ఓఎస్‌పీఎఫ్‌కు అసలు సంబంధమే లేదు.

బీజీపీలోనూ అంతే, అక్కడి గడువు పేరు హోల్డ్ టైమ్. "హోల్డ్ టైమర్ ఎక్స్‌పైర్డ్" నోటిఫికేషన్ ఎవరు పంపారో చూడండి. పంపినవాడు అవతలివాడి మాట వినలేదు. సెషన్ ఎస్టాబ్లిష్ అయ్యాక సరిగ్గా హోల్డ్ టైమ్ అంతసేపు, అంటే 90 లేదా 180 సెకన్లు బతికి, ప్రతిసారీ అంతే వ్యవధికి చస్తుంటే తీగను వదిలేసి నేరుగా ఎంటీయూ (ఒక్కసారికి పోగల అతి పెద్ద ప్యాకెట్ సైజు) దగ్గరికి, అంటే ఎనిమిదో మెట్టుకు వెళ్లండి.

ఆ తర్వాత గడియారం చూడండి. మధ్యాహ్నం మూడింటికే పడుతుందా, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్యే పడుతుందా, తెల్లవారుజామునా, గాలి వచ్చినప్పుడా? మధ్యాహ్నం అయితే వేడి. రాత్రి అయితే లోడు. చలికాలం తెల్లవారుజామున అయితే రేడియో. గాలికి అయితే స్తంభాల మీది కేబుల్. వేళాపాళా లేకపోతే కరెంటు, లేదా వదులైన కనెక్టరు. ఇవి అనుమానాలు మాత్రమే, తీర్పులు కావు. కానీ ఎటు మొదలుపెట్టాలో చెబుతాయి.

4. ఫైబర్: నంబరు అడగండి

ఫీల్డ్‌లో ఉన్న కుర్రాడికి ఫోన్ చేసి "లైట్ వస్తా ఉందా తమ్ముడూ" అంటే "వస్తా ఉందన్నా" అంటాడు. ఆ మాటతో మనకు పనిలేదు. ఎంత వస్తోందో డీబీఎంలో (లైటు బలాన్ని కొలిచే లెక్కలో) కావాలి. ఎస్‌ఎఫ్‌పీలో (ఫైబర్ గుచ్చే చిన్న మాడ్యూల్‌లో) డీడీఎం (తన కొలతలు తానే చెప్పే సదుపాయం) ఉంటే రూటరులోనే కనిపిస్తుంది.

ఎంత రావాలో ముందు మీరే లెక్కేసి కాగితం మీద రాసుకోండి. 20 కిలోమీటర్ల కేబుల్, 1310 నానోమీటర్ల మీద కిలోమీటరుకు 0.35 డీబీ చొప్పున 7 డీబీ పోతుంది. దారిలో పది జాయింట్లు, ఒక్కోటి 0.1 చొప్పున 1 డీబీ. రెండు చివర్ల కనెక్టర్లు కలిపి ఇంకో 1 డీబీ. మొత్తం 9. అవతలి ఎస్‌ఎఫ్‌పీ మైనస్ 5తో పంపుతుంటే మీకు మైనస్ 14 రావాలి. ఒక గిగా ఎస్‌ఎఫ్‌పీలు మామూలుగా మైనస్ 20 దగ్గర వరకు వింటాయి, అంటే ఇంకా 6 డీబీ ఊపిరి ఉంది. అక్కడ మైనస్ 19 కనిపిస్తే లింకు పైన ఉన్నా సరే, ఎక్కడో 5 డీబీ కారిపోతోంది, గాలి వీస్తే పడుతుంది. 10 గిగా ఎల్‌ఆర్ మాడ్యూల్ అయితే మైనస్ 14.4 దగ్గరే హద్దు, అక్కడ మైనస్ 14 వచ్చే మంచి దారం కూడా అంచు మీదే ఉంటుంది. పాత గిగా లింకును 10 గిగాకు మార్చిన వారంలోనే ఫ్లాప్ మొదలైతే మొదట ఈ లెక్క చూడండి.

కారేది ఎక్కడ? ఒకే కోర్ మీద రెండు దిశలూ నడిపే బైడై ఎస్‌ఎఫ్‌పీలు మన చిన్న ఆపరేటర్ల దగ్గర ఎక్కువ. ఒక దిశ 1310 మీద, ఇంకో దిశ 1550 మీద నడుస్తుంది. ఫైబర్ ఎక్కడైనా బిగువుగా వంగి ఉంటే దెబ్బ 1310 కంటే 1550కి ఎక్కువ తగులుతుంది. మూడో మెట్టులో తేలిన చెడు దిశ 1550 దిశే అయితే, జాయింట్ బాక్సులో ట్రే కింద నలిగిన దారం, స్తంభం దగ్గర కేబుల్ టై గట్టిగా బిగించిన చోటు, ర్యాక్ తలుపు సందులో పడ్డ ప్యాచ్ కార్డ్ ముందు చూడండి. ఓటీడీఆర్ (ఫైబర్‌లో ఎక్కడ ఎంత లైటు పోతోందో చూపే పరికరం) తీసుకెళ్తే రెండు తరంగాల మీదా తీయించండి. ఒకే చోట 1550లో మెట్టు పెద్దగా, 1310లో చిన్నగా కనిపిస్తే అది వంపు. రెండిట్లో ఒకేలా ఉంటే జాయింట్ బాగాలేదు, లేదా కనెక్టరు మురికి.

మురికి మాట తేలిగ్గా తీసుకోవద్దు, ముఖ్యంగా చీమకుర్తి వైపు. గ్రానైట్ కటింగ్ యూనిట్ల దగ్గర గాల్లో ఉండేది రాతిపొడి. దాంతోపాటే కనెక్టరు గుచ్చితే మొన మీద గీత పడుతుంది, ఇక ఎంత తుడిచినా పోదు. విప్పిన ప్రతిసారీ క్లీనర్ పెన్‌తో తుడిచాకే పెట్టండి, విప్పిన వెంటనే మూత పెట్టండి. చొక్కా అంచుతో తుడవడం, నోటితో ఊదడం వద్దు. లైట్ వస్తోందేమోనని కంటితో ఎప్పుడూ చూడొద్దు. ఆ వెలుగు కంటికి కనిపించదు, చెరుపు మాత్రం చేస్తుంది. ఆకుపచ్చ కనెక్టరును నీలం కనెక్టరుతో కలిపారేమో కూడా చూడండి. ఒకటి ఏటవాలు మొన, ఇంకోటి చదును మొన. లింకు లేచినట్టే ఉంటుంది, మధ్యలో గాలి సందు డీబీలు తినేస్తుంది.

స్తంభాల మీది కేబుల్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో కోతలయ్యాక వరిగడ్డి లోడు ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి, కిందికి జారిన కేబుల్‌ను లాగేసుకుపోతాయి. తెగితే తెలుస్తుంది. తెగకుండా సాగితేనే ఫ్లాప్. ఊళ్లోకి మలుపు తిరిగే చోట కేబుల్ ఎంత ఎత్తులో ఉందో కోతలకు ముందే ఒకసారి చూసి రండి.

ఇక వేడి. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రేకుల షెడ్డులో పెట్టిన స్విచ్ గతి వేరే చెప్పాలా? మామూలు ఎస్‌ఎఫ్‌పీలకు 70 డిగ్రీలే హద్దు. డీడీఎంలో ఉష్ణోగ్రత కూడా కనిపిస్తుంది. మధ్యాహ్నం 65 దాటుతుంటే ఫ్యాన్ పెట్టండి, లేదా 85 డిగ్రీల దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ మాడ్యూల్ వేయండి.

5. కరెంటు, మీడియా కన్వర్టర్లు

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రాత్రిళ్లు ఫ్లాప్ ఎక్కువైతే చెరువుల వైపు చూడండి. నీటిలో ఆక్సిజన్ రాత్రి తగ్గుతుంది కాబట్టి ఏరేటర్లు ఆ వేళల్లోనే ఎక్కువగా తిప్పుతారు. అదే లైను మీద మోటార్లన్నీ ఒక్కసారి అందుకుంటే వోల్టేజీ పడుతుంది. బల్బు మినుక్కుమంటుంది, 12 వోల్టుల అడాప్టరు మీద నడిచే మీడియా కన్వర్టరు (ఫైబర్‌ను రాగి తీగకు మార్చే చిన్న పెట్టె) రీసెట్ అవుతుంది. రూటరు యూపీఎస్ మీద ఉంటుంది కాబట్టి దాని అప్‌టైమ్ బాగానే కనిపిస్తుంది, మనం కరెంటును అనుమానించం. దారిలో ఉన్న ప్రతి చిన్న పెట్టె దేని మీద నడుస్తోందో జాబితా రాయండి. ఒక్కటి గోడ సాకెట్ మీద ఉన్నా అదే మీ బలహీనత. నేరుగా బ్యాటరీ మీద డీసీతో నడిపితే ఈ బెడద ఉండదు.

మీడియా కన్వర్టర్ల మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. అవతల ఫైబర్ పోయినా కొన్ని కన్వర్టర్లు ఇవతలి రాగి పోర్టును పైనే ఉంచుతాయి. రూటరుకు లింకు బాగున్నట్టే కనిపిస్తుంది, 40 సెకన్లు డెడ్ టైమర్ కోసం కాచుకుని కూర్చుంటుంది, అంతసేపూ ట్రాఫిక్ గంగలో కలుస్తుంది. కన్వర్టరులో లింక్ ఫాల్ట్ పాస్ త్రూ (ఫైబర్ పోతే రాగి పోర్టునూ దించే) స్విచ్ ఉంటే ఆన్ చేయండి. కుదిరితే కన్వర్టరునే తీసేసి, ఎస్‌ఎఫ్‌పీని నేరుగా రూటరులోనో స్విచ్‌లోనో పెట్టండి. ఒక అడాప్టరు, ఒక ప్యాచ్ కార్డ్, ఒక అనుమానం తగ్గుతాయి.

6. రేడియో లింకు అయితే

టవరు ఎక్కేముందు చెట్లు చూడండి. మన తీరం వెంట సరుగుడు తోటలు, ఒంగోలు చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్ తోటలు ఉన్నాయి. లింకు పెట్టిన రోజు మొక్కలు మోకాలెత్తు ఉంటాయి, మూడు నాలుగేళ్లకు రేడియో దారిలోకి లేస్తాయి. కంటికి అవతలి టవరు కనిపిస్తే సరిపోదు. 10 కిలోమీటర్ల లింకు, 5.8 గిగాహెర్ట్జ్ మీద, సరిగ్గా నడిమధ్యలో గీతకు చుట్టూ 11 మీటర్లపైన వ్యాసార్ధంతో ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్ పరుచుకుని నడిచే చోటు) ఉంటుంది. అందులో కనీసం 60 శాతం, అంటే దాదాపు 7 మీటర్లు, ఖాళీగా ఉండాలి. గీత కింద ఆరు మీటర్లలో సరుగుడు కొసలుంటే గాలికి ఊగిన ప్రతిసారీ సిగ్నల్ ఊగుతుంది. తోట నరికాక లింకు దానంతటదే బాగైపోయి, నాలుగేళ్లకు మళ్లీ చెడితే ఆశ్చర్యపోకండి.

చెరువుల మీదుగా వెళ్లే లింకులకు ఇంకో చిక్కు. నీటి మీద తగిలి వచ్చే కిరణం, నేరుగా వచ్చే కిరణం కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చెరువు నింపినప్పుడు, ఖాళీ చేసినప్పుడు లెక్క మారుతుంది. యాంటెన్నాను ఒకటి రెండు మీటర్లు పైకో కిందికో జరిపి చూడండి, చాలాసార్లు అంతే చాలు. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు కూడా సిగ్నల్ ఇలాగే వంకర పోతుంది. దానికి మందు మార్జిన్, అంటే అవసరానికి మించి సిగ్నల్. వారమంతా మైనస్ 60 వచ్చే లింకు ఒక తెల్లవారుజాము 15 డీబీ పడినా నిలుస్తుంది. మైనస్ 75 మీద బతికే లింకు నిలవదు. 80 మెగాహెర్ట్జ్ వెడల్పును 40కో 20కో తగ్గిస్తే వేగం పోతుంది, నిలకడ వస్తుంది. నైబర్ నిలవాలంటే నేను నిలకడకే ఓటేస్తాను.

5250 నుంచి 5350, 5470 నుంచి 5725 మెగాహెర్ట్జ్ మధ్య ఛానళ్లలో రాడార్ అనుమానం వస్తే రేడియో వెంటనే ఛానల్ ఖాళీ చేయాలి. కొత్త ఛానల్‌లో కనీసం 60 సెకన్లు విన్నాకే మాట్లాడాలి. లాగ్‌లో డీఎఫ్‌ఎస్ (ఇలా రాడార్‌కు ఛానల్ వదిలే నియమం) మాట కనిపిస్తే ఏ టైమరూ దాన్ని కాపాడదు. 2018లో మన దేశంలో లైసెన్సు అవసరం లేకుండా వదిలిన వాటిలో 5725 నుంచి 5875 కూడా ఉంది, అటు మారండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఓఎస్‌పీఎఫ్ హలోలు 224.0.0.5 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి పంపే) చిరునామాకు వెళ్తాయి. వై-ఫై జాతి రేడియోల్లో మామూలు ప్యాకెట్ పోతే మళ్లీ పంపుతారు, మల్టీకాస్ట్ పోతే పోయినట్టే, చేరిందన్న జవాబు ఉండదు. అందుకే పింగ్ ఒక్కటీ తప్పకుండా వస్తూ ఉండగానే నైబర్ పడిపోతుంది, మనిషికి పిచ్చెక్కుతుంది. రేడియోలో మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా (ఒక్కరికే పంపేదిగా) మార్చే సెట్టింగ్ ఉంటే పెట్టండి. లేకపోతే ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ రకాన్ని ఎన్‌బీఎంఏకి (మల్టీకాస్ట్ లేకుండా నడిచే రకానికి) మార్చి నైబర్ ఐపీ చేత్తో ఇవ్వండి. అలా మార్చినప్పుడు చాలా రూటర్లలో డిఫాల్ట్ హలో 30, డెడ్ 120 అవుతాయి. రెండు వైపులా ఒకేలా ఉండాలి, లేదంటే నైబరే ఏర్పడదు.

7. రాత్రి ఎనిమిదింటికే పడితే

లింకు నిండిపోయి హలోలు నలిగిపోతున్నాయి. మీ రూటరు తన కంట్రోల్ ప్యాకెట్లకు సీఎస్6 గుర్తు వేసి ముందు వరుసలో పంపుతుంది. కానీ మధ్యలో ఉన్న రేడియో, ప్రొవైడర్ స్విచ్ ఆ గుర్తును పట్టించుకోకపోవచ్చు. నిండిన చోట ఏది దొరికితే అది పారేస్తాయి. అందుకని క్యూ మీ రూటరులోనే ఏర్పడేలా చేయండి. ప్రొవైడర్ 200 మెగాబిట్లకు కత్తెర వేస్తుంటే మీరు 190కే పరిమితం (షేప్) చేసి, అందులో సీఎస్6ను మొదటి వరుసలో పెట్టండి. లింకు సగమే నిండి ఉండి కూడా సాయంత్రాలు పడుతుంటే రూటరు సీపీయూ చూడండి. ఫైర్‌వాల్ రూల్స్, పీపీపీఓఈ (కస్టమర్ లాగిన్) సెషన్లు, ఒక్కో కస్టమర్‌కూ ఒక్కో క్యూ, అన్నీ ఒకే చిన్న పెట్టె మీద వేస్తే హలో పంపడానికి దానికి తీరిక ఉండదు.

8. ఎంటీయూ

చిన్న ప్యాకెట్లు వెళ్లి పెద్దవి వెళ్లకపోతే, ఓఎస్‌పీఎఫ్ ఎక్స్‌స్టార్ట్, ఎక్స్చేంజ్ అనే తొలి దశల్లో ఆగి మళ్లీ మొదటికొస్తుంది. బీజీపీలో ఇంకా వింతగా ఉంటుంది. ఓపెన్ (పరిచయం), కీపలైవ్ (బతికున్నానన్న కబురు) చిన్నవి కాబట్టి సెషన్ లేస్తుంది. తర్వాత దారుల జాబితా పెద్ద ప్యాకెట్‌లో బయల్దేరి మధ్యలో పోతుంది. టీసీపీ వరుస తప్పదు కాబట్టి దాని వెనక ఉన్న కీపలైవ్‌లు అవతలివైపు చేరినా బీజీపీ దాకా అందవు. హోల్డ్ టైమ్ నిండగానే సెషన్ పోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ అదే.

పరీక్ష సులువు. ముక్కలు చేయొద్దన్న గుర్తుతో పింగ్ పెట్టండి. కంప్యూటర్ నుంచి అయితే 1472 బైట్లు, దానికి 28 హెడర్ కలిసి 1500 అవుతుంది. మైక్రోటిక్‌లో సైజు అంటే మొత్తం ప్యాకెట్ కాబట్టి నేరుగా 1500 ఇవ్వాలి. వెళ్లకపోతే తగ్గించుకుంటూ వచ్చి ఏ సైజుకు దాటుతుందో కనిపెట్టండి. మొత్తం 1492 వరకే దాటితే మధ్యలో పీపీపీఓఈ ఉంది, 1476 వరకే అయితే జీఆర్‌ఈ టన్నెల్. రెండు చివర్లా ఎంటీయూను ఆ నిజమైన అంకెకు మార్చండి. "ఎంటీయూ ఇగ్నోర్" సెట్టింగ్ జోలికి పోవద్దు. నైబర్ ఈ రోజు లేస్తుంది, నెట్‌వర్క్ పెరిగి అప్‌డేట్లు పెద్దవయ్యాక మళ్లీ పడుతుంది, అప్పటికి ఈ సెట్టింగ్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

9. తీగ బాగానే ఉంటే రెండు విషయాలు

ఒకే బ్యాకప్ ఫైలు రెండు రూటర్లలో ఎక్కించి ఉంటే రూటర్ ఐడీ రెండింటికీ ఒకటే అయి ఉంటుంది, అది వెంటనే మార్చండి. ఇంకోటి: లూప్‌బ్యాక్ (రూటరు లోపలి, ఏ తీగకూ కట్టుబడని చిరునామా) నుంచి బీజీపీ కట్టినప్పుడు, అవతలి లూప్‌బ్యాక్‌కు వెళ్లే దారిని ఆ బీజీపీయే నేర్పుతోందేమో చూడండి. సెషన్ లేస్తుంది, కొత్త దారి వస్తుంది, ఆ దారి తన కాళ్ల కిందికే నీళ్లు తెస్తుంది, సెషన్ పడుతుంది. టన్నెళ్లలో కూడా ఇదే జరుగుతుంది. అవతలి చివరకు ఒక స్టాటిక్ రూట్ వేస్తే ఆగుతుంది.

10. ఇప్పుడు టైమర్లు

ఓఎస్‌పీఎఫ్ హలో 10, డెడ్ 40. బీజీపీకి కీపలైవ్ 30, హోల్డ్ 90 అని ఆర్‌ఎఫ్‌సీ 4271 సూచిస్తుంది. చాలా పెట్టెల్లో 60, 180 ఉంటాయి. బీజీపీలో రెండు వైపులా హోల్డ్ వేర్వేరుగా ఉంటే తక్కువదే నడుస్తుంది. వీటిని పెంచడానికి నేను ఒప్పుకునే సందర్భం ఒక్కటే: రెండో దారి లేని, మరమ్మతుకు రోజులు పట్టే లింకు. అక్కడ పడిపోయి చేసేదేమీ లేదు కాబట్టి ఓపిక పట్టడమే మేలు. రెండో దారి ఉన్నచోట పెంచితే, లింకు నిజంగా చచ్చినప్పుడు అంతసేపూ ట్రాఫిక్‌ను గోతిలో పోస్తున్నట్టే.

దానికంటే మంచి మందు పైకి లేవడాన్ని ఆలస్యం చేయడం. లింకు పడితే వెంటనే నమ్మాలి, లేస్తే నిదానంగా నమ్మాలి. ఇంటర్‌ఫేస్ హోల్డ్ టైమ్‌లో (ఇది బీజీపీ హోల్డ్ టైమ్ కాదు) కిందికి కొన్ని వందల మిల్లీసెకన్లు, పైకి 20, 30 సెకన్లు పెట్టండి. గాలికి అర సెకను ఊగే కేబుల్ వల్ల నెట్‌వర్క్ మొత్తం ఊగదు. ఇంటర్‌ఫేస్ డ్యాంపెనింగ్ ఉన్న పెట్టెల్లో అది కూడా వాడొచ్చు. కానీ సిస్కో డిఫాల్ట్‌లో జరిమానా 5 సెకన్లకే సగమవుతుంది, అణచివేత 20 సెకన్లు మించదు. మన లింకులు నిమిషాల లెక్కన ఊగుతాయి కాబట్టి అర్ధాయువు 30, 60 సెకన్లకు పెంచి, గరిష్ఠ కాలం కూడా పెంచితేనే ఉపయోగం.

బీఎఫ్‌డీ (లింకు పతనాన్ని వేగంగా పట్టే పరీక్ష) గురించి అడుగుతారు. 300 మిల్లీసెకన్లు, మూడుసార్లు అంటే 0.9 సెకన్లలో పతనం తెలుస్తుంది. ప్రొవైడర్ స్విచ్ మధ్యలో ఉండి లైటు ఎప్పుడూ పోని లీజు లైను మీద అది చాలా మంచిది. రేడియో మీద అయితే ఒక సెకను, ఐదుసార్లు చాలు. జబ్బు తీరని లింకు మీద మాత్రం పెట్టొద్దు, ఫ్లాపులు పదింతలవుతాయి.

11. ఒక ఊరి కుదుపు ఇంకో ఊరికి పాకకుండా

పీపీపీఓఈ కస్టమర్ ఒక్కొక్కరి ఐపీని కనెక్టెడ్ రూట్ కింద ఓఎస్‌పీఎఫ్‌లోకి ఒలకబోసే అలవాటు మన దగ్గర చాలా చోట్ల ఉంది. ఒక వీధిలో కరెంటు పోతే రెండు వందల రూట్లు ఒకేసారి పోతాయి, వస్తే ఒకేసారి వస్తాయి. అది మానేసి, ఆ పూల్ మొత్తానికి ఒకే సమ్మరీ రూటు (అన్నిటికీ కలిపి ఒకే దారి) బ్లాక్‌హోల్‌గా, అంటే ఎటూ పంపని దారిగా వేసి దాన్నే ప్రకటించండి. దూరపు ఊళ్లను వేరే ఏరియాలో పెట్టి సరిహద్దు రూటరు దగ్గర సమ్మరైజ్ చేయండి. కొత్తపట్నం తీగ ఊగితే ఆ సంగతి కందుకూరు రూటరుకు తెలియాల్సిన పని లేదు.

రెండో దారి నిజంగా రెండోదేనా అని కూడా చూసుకోండి. 2021 నవంబర్‌లో పెన్నా వరద పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. ఇద్దరు ప్రొవైడర్ల దగ్గర తీసుకున్న రెండు లింకులూ ఒకే హైవే పక్కనుంచి, ఒకే వంతెన దాటి వస్తే రెండూ ఒకేసారి పోతాయి. సంతకం పెట్టేముందే రూట్ మ్యాప్ అడగండి.

12. తప్పు ప్రొవైడర్ వైపు ఉంటే

"లింకు ఆగి ఆగి వస్తోంది" అని ఫిర్యాదు రాస్తే "మా వైపు బాగానే ఉంది" అనే జవాబే వస్తుంది. ఇలా రాయండి: ఏ తేదీ, ఏ సెకనుకు పడింది, ఎప్పుడు లేచింది, ఏ దిశ పోయింది, అప్పుడు రిసీవ్ పవర్ ఎంత, సీఆర్‌సీ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల లెక్క) గంటలో ఎన్ని పెరిగాయి, 1500 సైజు పింగ్ వెళ్లిందా లేదా. రెండు వైపుల లాగూ జత చేయండి. ఆ కాగితం చూశాక ఫోన్ తీసిన మనిషి కూడా దాన్ని పక్కన పెట్టలేడు, పై ఇంజినీరుకు పంపుతాడు.

బాగైందని చెప్పగానే కాస్ట్ తగ్గించేయకండి. ఒక పూర్తి రోజు, మధ్యాహ్నపు ఎండ, రాత్రి లోడు, తెల్లవారుజాము మూడూ దాటనివ్వండి. ఎర్రర్ కౌంటర్లు సున్నా చేసి వదలండి, మర్నాటికి అవి సున్నాగానే ఉంటే ముందు ఒక వైపు, కాసేపు చూసి రెండో వైపు కాస్ట్ మామూలుకు తెండి. బాగైన రోజు రిసీవ్ పవర్ ఎంతో జాయింట్ బాక్సు మూత లోపలివైపు మార్కర్‌తో తేదీ వేసి రాయండి. తర్వాత ఎవరు వచ్చి తెరిచినా, ఎంత రావాలో వెతుక్కోకుండా పని మొదలుపెడతారు.